హరదా: వణుకు నుంచి శ్రద్ధ దాకా

మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి బైబిలును తెలుగు చేసినా ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో 1805లో మళ్లీ ఆ పని చేపట్టగా, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి పాండిత్యం వారికి తోడై, 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయం నుంచి కొన్ని సువార్తలు వెలువడ్డాయి. తర్వాతి తరాలవారు పాత నిబంధనను, అంటే యూదుల హీబ్రూ గ్రంథాన్ని, తెలుగులోకి తెచ్చినప్పుడు ఒకే ధాతువును సందర్భాన్నిబట్టి వేర్వేరు మాటలతో చెప్పవలసి వచ్చింది. అటువంటి ధాతువుల్లో 'హరద్' ఒకటి.

హీబ్రూలో 'యిర్ఆ' భక్తితో కలిసిన భయం కాగా, 'పహద్' మనసును కమ్ముకునే భీతి. హరద్‌కు మూలార్థం మాత్రం ఒంట్లో పుట్టే వణుకు, దాని నామరూపం 'హరదా'. చిన్న కొడుకు తనను మోసగించి ఆశీర్వాదం పొందాడని తెలిసిన ఇస్సాకుకు కలిగినది ఇదే కాబట్టి, ఆదికాండం తెలుగు పాఠంలో ఆ వృద్ధుడు గడగడ వణికాడు. నిర్గమకాండంలో సీనాయి దగ్గర జనానికీ కొండకూ హీబ్రూ ఒకే క్రియను వాడగా, తెలుగులో జనం వణికారు, కొండ కంపించింది. యుద్ధానికి ముందు ఇశ్రాయేలీయుల నాయకుడు గిద్యోను వణికేవారిని ఇళ్లకు పొమ్మన్నప్పుడు 22,000 మంది వెళ్లిపోయి 10,000 మంది మిగిలారని న్యాయాధిపతుల గ్రంథం చెబుతుంది. ఆ సైన్యం విడిది చేసిన ఊట పేరు హరోదు కావడం కథలోని శ్లేష.

రాజుల రెండో గ్రంథంలో ఈ మాట మరో దారి పట్టింది. షూనేము ఊరి ఇల్లాలు ఎలీషా ప్రవక్త కోసం మేడమీద గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపస్తంభం అమర్చినప్పుడు, ఆమె పడిన శ్రమను ప్రవక్త హరదా అనే పేర్కొన్నాడు. అతిథికి ఏ లోటూ రాకూడదన్న ఆరాటమే అక్కడి అర్థమని గ్రహించిన తెలుగు అనువాదకులు దాన్ని 'శ్రద్ధాభక్తులు' అన్నారు.

యెషయా 66వ అధ్యాయం దైవవాక్యానికి వణికేవారిని మెచ్చుకోగా, ఎజ్రా గ్రంథం ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించేవారిని ఆ మాటతోనే గుర్తించింది. 1650లో ఇంగ్లండులోని డెర్బీలో, దేవుని మాటకు వణకమని బోధించిన జార్జ్ ఫాక్స్ అనుచరులకు ఒక న్యాయాధికారి వెక్కిరింతగా 'క్వేకర్లు', అంటే వణికేవారు, అని పేరు పెట్టాడు. ఆధునిక కాలంలో ఆచారాలను సడలించడానికి ఒప్పుకోని యూదులు ఇదే హరద్ ధాతువు మీద 'హరేదీలు' అయ్యారు. పత్రికలు వారిని ఛాందసులని తేల్చినా, ఆ పేరులోని వణుకు యుద్ధానికి వెరచి ఇంటిదారి పట్టినవారిది కాదు. విధిలో ఎక్కడ లోపం జరుగుతుందోనన్న జాగ్రత్త కనుక, తెలుగు పాఠంలోని శ్రద్ధాభక్తులే దానికి ఎక్కువ దగ్గర.