గెలిపించినవాళ్లే దించేస్తే

1904 సెప్టెంబరులో లాస్ ఏంజెలస్ ఆరో వార్డు ఓటర్లు తమ కౌన్సిల్ సభ్యుడు జేమ్స్ డావెన్‌పోర్ట్‌ను గడువు తీరకముందే ఓటేసి దించేశారు. అమెరికాలో రీకాల్ ఎన్నికలో పదవి పోగొట్టుకున్న మొదటి ప్రజాప్రతినిధి ఆయనే. గొడవ నగర ముద్రణ పనుల కాంట్రాక్టు దగ్గర వచ్చింది. ఇంకొకరు తక్కువకే చేస్తామన్నా కౌన్సిల్ దాన్ని లాస్ ఏంజెలస్ టైమ్స్‌కు కట్టబెట్టింది. ఆ పత్రిక యజమాని హారిసన్ గ్రే ఓటిస్‌కు కార్మిక సంఘాలంటే గిట్టదు. అచ్చుపని కార్మికులకు ఆయనంటే అంతకన్నా గిట్టదు. దుబారా మీద జనానికున్న కోపం, సంఘానికున్న పాతకక్ష ఒకే అర్జీలో సంతకాలయ్యాయి. మొదటి రీకాల్‌లోనే ఈ రెండూ కలిసే ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే తర్వాతి నూటఇరవై ఏళ్ల కథ తేలిగ్గా అర్థమవుతుంది.

నగర చార్టరులో 1903లో రీకాల్‌ను చేర్పించింది జాన్ రాండాల్ఫ్ హేన్స్ అనే డాక్టరు. సోషలిస్టు భావాలున్న సంపన్నుడు. కాలిఫోర్నియా రాజకీయాలను సదర్న్ పసిఫిక్ రైలు కంపెనీ గుప్పిట్లో పెట్టుకున్న రోజులవి. ఎన్నికైనవాడు కంపెనీకి అమ్ముడుపోతే గడువు తీరేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా అన్నది ఆయన ప్రశ్న. 1908లో ఆరెగాన్, 1911లో గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో కాలిఫోర్నియా రీకాల్‌ను రాష్ట్రమంతటికీ వర్తింపజేశాయి. జడ్జీలను కూడా దించవచ్చని అరిజోనా తన రాజ్యాంగంలో రాసుకుంటే అధ్యక్షుడు టాఫ్ట్ ససేమిరా అన్నాడు. ఆ మాట తీసేసి 1912లో రాష్ట్ర హోదా తెచ్చుకున్న అరిజోనా, అదే ఏడాది దాన్ని మళ్లీ చేర్చుకుంది! 1946లో లాస్ ఏంజెలస్ మరో కౌన్సిల్ సభ్యుడిని, మీడ్ మెక్‌క్లానహన్‌ను, ఇంటికి పంపింది. యూదు ద్వేషి జెరాల్డ్ స్మిత్‌ను వెనకేసుకొచ్చాడని జనం ఆగ్రహించారు. ఈసారి కాంట్రాక్టుల ఊసే లేదు.

కాలిఫోర్నియాలో దించడానికి చెప్పే కారణం సబబా కాదా అని ఎవరూ తూచరు, సంతకాలు చాలితే చాలు. వాషింగ్టన్ రాష్ట్రం 1912లోనే వేరే దారి పట్టింది. అక్కడ ఆరోపణ ముందు కోర్టు గడప దాటాలి. ఆరోపణ నిజమో కాదో జడ్జి తేల్చరు. నిజమే అనుకుంటే అది పదవీ దుర్వినియోగమో, ప్రమాణ భంగమో అవుతుందా అన్నంతవరకే చూస్తారు.

సియాటిల్ కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ మీద నడిచిన ప్రచారం ఈ పద్ధతిలోని లోతుపాతులన్నీ బయటపెట్టింది. పుణెలో పుట్టి ముంబైలో పెరిగిన ఈ సోషలిస్టు 2013లో మొదటిసారి గెలిచారు. అమెజాన్‌పై పన్ను వేయాలంటూ ఏళ్ల తరబడి పోరాడారు. 2020లో పోలీసు హింసకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనల్లో కొవిడ్ ఆంక్షల నడుమ నిరసనకారులను సిటీ హాలులోకి రానిచ్చారని, చిరునామా గోప్యంగా ఉంచిన మేయర్ ఇంటి మీదికి ఊరేగింపులో వెళ్లారని, పన్ను ఉద్యమానికి ఆఫీసు వనరులు వాడారని అర్జీ పడింది. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ మూడింటినీ నిలబెట్టింది.

ఆ తర్వాత పోరంతా తేదీ మీదే. నవంబరులో సాధారణ ఎన్నికలతో పాటు జరిగితే అద్దె ఇళ్లలో ఉండే కుర్రకారు ఎక్కువగా ఓటేస్తారని సావంత్ లెక్క. అందుకని ఆమె మనుషులే ఆమెను దించే అర్జీ మీద సంతకాలు సేకరించారు! అయినా ఎన్నిక డిసెంబరు 7కు జారింది. తొలిరాత్రి లెక్కింపులో ఆమె ఓడినట్టే కనిపించింది. అక్కడ ఓటు పోస్టులో వస్తుంది కాబట్టి ఆలస్యంగా అందిన ఓట్లు తర్వాతి రోజుల్లో తూకం మార్చాయి. చివరికి 310 ఓట్ల తేడాతో పదవి నిలిచింది. రైలు కంపెనీల మీదికి తయారైన ఆయుధం అమెజాన్‌తో తలపడిన మనిషి మీదికి తిరిగిందని ఆమె పక్షం అంది. ఆ మాటలో కొంత నిజముంది, కానీ కోర్టు నిలబెట్టిన ఆరోపణలు ఊహాజనితాలేమీ కావు. సియాటిల్ ప్రాంతపు తెలుగువారి ఇళ్లలో ఆమె పేరు మారుమోగింది మాత్రం 2023 ఫిబ్రవరిలో, కులవివక్ష నిషేధ చట్టంతో. రీకాల్ నెగ్గి ఉంటే ఆ చట్టాన్ని ప్రతిపాదించడానికి ఆమె అక్కడ ఉండేవారు కారు.

కారణం అక్కర్లేని కాలిఫోర్నియాలో 2025 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో సూపర్‌వైజర్ (నగర కౌన్సిల్ సభ్యుడు) జోయెల్ ఎంగార్డియో పదవి పోయింది. సముద్రం వెంబడి రోడ్డును పార్కుగా మార్చడాన్ని సమర్థించడమే ఆయన చేసిన నేరం. ఊరు మొత్తం మీద ఎక్కువమంది ఒప్పుకున్న పార్కు ఆయన పేటకు నచ్చలేదు.

మన దేశంలో మధ్యప్రదేశ్ రీకాల్‌ను మునిసిపల్ అధ్యక్షులకు తెచ్చింది. బ్యాలెట్ మీద రెండే గుర్తులు, ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ. 2001లో అనూప్‌పుర్‌లో ఖాళీ కుర్చీ గెలిచింది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లోనూ మునిసిపల్ అధ్యక్షులు ఇలాగే దిగిపోయారు. కానీ తొలి సంతకాలు ఓటరువి కావు, నాలుగింట మూడొంతుల మంది కౌన్సిలర్లవి. వాళ్లు కదిలితేనే జనానికి బ్యాలెట్ చేతికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అదీ లేదు, ఉన్నది అవిశ్వాస తీర్మానమే. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్ దిగిపోయింది దాంతోనే. అప్పుడు రెండు పక్షాలూ కాపలా కాసుకున్నది కార్పొరేటర్లను, నడిపించింది క్యాంపులను. డావెన్‌పోర్ట్‌ను దించడానికి వార్డులో ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ఇక్కడ హోటల్ గదులు బుక్ చేస్తే సరిపోతోంది.