రంగు మారింది, రుద్దుడు మారలేదు

హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు పసుపు రంగు రోల్స్‌ రాయిస్‌ ముందు కాసేపైనా ఆగుతారు. ఆరో నిజాం మహబూబ్‌ అలీ ఖాన్‌ కోసం తయారైన 1912 నాటి సిల్వర్‌ ఘోస్ట్‌ అది. బండి చేతికి అందకముందే ఆయన కన్నుమూశారు. దానికి బాడీ కట్టిన లండన్‌ బార్కర్‌ కంపెనీ మొదట్లో గుర్రపు బగ్గీలు చేసేది. ఆ రోజుల్లో కారుకు రంగు వేయడమంటే బగ్గీకి వేసినట్టే. నూనెలో కాచిన వార్నిష్‌ను కుంచెతో ఒక పూత పూయాలి, అది ఆరేదాకా ఆగాలి, మెత్తటి రాతిపొడితో రుద్దాలి, మళ్లీ పూత పూయాలి. పని ముగిసేసరికి వారాలు గడిచేవి.

హెన్రీ ఫోర్డ్‌కు అంత తీరిక లేదు. 1914 నుంచి 1925 దాకా ఆయన మోడల్‌ టీ కార్లు నలుపులో తప్ప దొరకలేదు. చవగ్గా వచ్చే, గట్టిగా మన్నే తారు జాతి నల్ల ఎనామెల్‌ను బట్టీలో కాల్చి పనికానిచ్చేవారు. రంగురంగుల కార్లు చవగ్గా రావాలంటే కొత్త రసాయనం కావాలి. దాన్ని మందుగుండు కంపెనీగా పేరుమోసిన డ్యూపాంట్‌ తయారుచేసింది. సినిమా ఫిల్ముకూ, పొగరాని తుపాకీ మందుకూ మూలమైన నైట్రోసెల్యులోజ్‌తో చేసిన ‘డ్యూకో’ లక్క 1923లో జనరల్‌ మోటార్స్‌ వారి ఓక్లాండ్‌ కార్ల మీద నీలంగా మెరిసింది. స్ప్రే గన్‌తో కొడితే గంటల్లో ఆరిపోయేది. జనరల్‌ మోటార్స్‌ పరిశోధకుడు చార్లెస్‌ కెటరింగ్‌ ఒక రంగుల వ్యాపారిని భోజనానికి పిలిచి, తినేలోపు అతని కారుకు వేరే రంగు కొట్టించాడనీ, బయటికొచ్చిన పెద్దమనిషి తన బండిని తానే గుర్తుపట్టలేదనీ ఒక కథ. ఎంతవరకు నిజమోగానీ చెప్పుకోవడానికి బాగుంటుంది. మన వడ్రంగులు బీరువాలకు ఇప్పటికీ వేస్తామనే ‘డ్యూకో పెయింట్‌’ ఆ వంశానిదే.

ఈ లక్కకు రెండు జబ్బులు. కొట్టగానే మెరవదు, రుద్ది మెరిపించాలి. ఎండకు ఉంటే పైపొర సుద్దలా పాలిపోతుంది. అందుకే కారు కొన్నవాడికి రెండు డబ్బాలు తప్పనిసరయ్యాయి. ఒకటి పాలిపోయిన పొరను గీకేసే రబ్బింగ్‌ కాంపౌండ్‌, రెండోది గీకాక పూసే మైనం. ఒక రంగుకున్న లోపం మీద ఒక పరిశ్రమ లేచి నిలబడింది.

అది శూన్యంలోంచి పుట్టలేదు. అమెరికాలో ఫ్రాంక్‌ మెగ్వయర్‌ 1901లో మొదలుపెట్టింది ఫర్నిచర్‌ పాలిష్‌. జాన్సన్‌ వ్యాక్స్‌ వాళ్లది చెక్క నేలల వ్యాపారం. 1910లో షికాగోలో పుట్టిన సైమనైజ్‌ మాత్రం కారునే నమ్ముకుంది. అదే ఊళ్లో 1940ల్లో బెంజమిన్‌ హిర్ష్‌ అనే ఆయన స్నానాల తొట్టిలో ద్రవ పాలిష్‌ కలిపి సీసాలకెత్తేవాడు. రోడ్డు పక్కన ఆపిన కారుకు ఒక మూల మెరిపించి, యజమాని వచ్చేదాకా కాచుకుని కూర్చునేవాడని చెబుతారు. మిగతా కారు అలాగే మెరవాలంటే సీసా కొనక తప్పదు కదా! తర్వాత ఆ సరుకే టర్టిల్‌ వ్యాక్స్‌ అయింది.

వీళ్లలో చాలామంది సీసాల్లో ఉన్న అసలు సరుకు ఒక చెట్టు ఆకు మీదిది. బ్రెజిల్‌ ఈశాన్యంలో, సియారా, పియావీ లాంటి వానలు తక్కువ పడే రాష్ట్రాల్లో కార్నౌబా తాటిచెట్టు పెరుగుతుంది. ఎండకు తడి ఆరిపోకుండా తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడి రాలుతుంది. దాన్ని కరిగించి అచ్చులు పోస్తారు. మొక్కల మైనాల్లో ఇంత గట్టిది అరుదు, 80 డిగ్రీలు దాటితేగానీ కరగదు. 1935లో జాన్సన్‌ కంపెనీ అధిపతి హెర్బర్ట్‌ జాన్సన్‌ జూనియర్‌ ఈ చెట్ల కోసం నీటి మీద కూడా దిగగల సికోర్‌స్కీ విమానంలో విస్కాన్సిన్‌ నుంచి ఫోర్టలేజా దాకా వెళ్లాడు. నేల మెరిపించే వ్యాపారికి ముడిసరుకు మీద ఉన్న బెంగ అంతటిది. 1998లో ఆయన కొడుకు శామ్‌ అదే నమూనా విమానాన్ని మళ్లీ కట్టించుకుని తండ్రి దారినే ఎగిరాడు.

ఇప్పుడు ‘కార్నౌబా’ అని రాసి ఉన్న డబ్బాలో ఆ మైనం ఒక పాలే. మెత్తని మైనాలు, ద్రావకాలు, నూనెలు మిగతాదంతా. లేకపోతే రాయిలాంటి దాన్ని గుడ్డతో పూయడం ఎవరి తరం? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సిలికాన్‌ నూనెలు కలిసి, తుడవడం తేలికయింది. షెడ్డుల్లో పెయింటర్లు మాత్రం సిలికాన్‌ను తిట్టుకుంటూనే ఉంటారు. దాని జాడ మిగిలిన రేకు మీద కొత్త రంగు కొడితే చేపకళ్లలాంటి గుంటలు పడతాయి మరి.

మన దగ్గర అంబాసిడర్‌, పద్మినీల కాలంలో రంగు, మెరుపు ఒకే పూతలో ఉండేవి. గుడ్డతో పాలిష్‌ పట్టిస్తే గుడ్డకు కారు రంగు అంటేది. దాన్ని చూసి డ్రైవర్లు పని బాగా జరిగిందని మురిసేవారు. ఆ పూత మందంగా ఉండేది, ఎండకు పాలిపోయేది కూడా, కాబట్టి రుద్దితే తప్పేమీ లేదు. 1980ల నుంచి ప్రపంచమంతా బేస్‌ కోట్‌, దాని మీద రంగులేని క్లియర్‌ కోట్‌ పద్ధతికి మారింది. మెటాలిక్‌ కార్లతో అది మనకూ వచ్చింది. ఈ పై పూత మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే సన్నం. ఎండ నుంచి రంగును కాచేది అదే. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. అయినా సర్వీస్‌ సెంటర్లలో, ఇళ్లలో ‘ఏడాదికోసారి రబ్బింగ్‌ పాలిష్‌’ అనే అలవాటు అంబాసిడర్‌ రోజుల నుంచి అలాగే దిగివచ్చింది. నా లెక్కలో మన కార్లకు ఎండ కంటే ఎక్కువ చేటు చేసింది ఈ వారసత్వమే.

అందుకే డబ్బా కొనేముందు మీ కారుది ఏ కాలపు రంగో చూడండి. తలుపు అంచు లోపల ఎక్కడైనా కాస్త పాలిష్‌ను తెల్ల గుడ్డతో పట్టిస్తే, గుడ్డకు రంగు అంటితే ఒకే పూత, అంటకపోతే క్లియర్‌ కోట్‌. మొదటిదైతే పాత మందులు పనికొస్తాయి. రెండోదైతే శ్రద్ధ పెట్టాల్సింది పాలిష్‌ మీద కాదు, కడగడం మీద.

నిజానికి ఎండలో బోనెట్‌ మీద సాలెగూడులా కనిపించే గీతలు చాలావరకు మన గుడ్డ పెట్టినవే. అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లో ఒకే బకెట్‌, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి, పొద్దున్నే పొడి దుమ్మును కుచ్చు డస్టర్‌తో దులిపే పద్ధతి, రెండూ ఇసుక కాగితంతో సమానం. ముందు నీళ్లు గట్టిగా కొట్టి దుమ్ము వదిలించాలి. షాంపూ నీళ్లకు ఒక బకెట్‌, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్‌ పెట్టుకోవాలి. పైనుంచి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెలు తోమే లిక్విడ్‌ జిడ్డుతోపాటు మైనాన్నీ లాగేస్తుంది. మైనం కొత్తగా పూయబోతుంటే సరే, వారం వారం మాత్రం వద్దు. తుడవడానికి మైక్రోఫైబర్‌ తువ్వాలు. పాలియెస్టర్‌, పాలీఅమైడ్‌ పోగులను చీల్చి నేసిన ఆ బట్ట దుమ్మును తనలోకి లాక్కుంటుంది. ఒక్కసారి కిందపడితే అది ఇక చక్రాలకే.

కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్‌ కవర్‌ తొడిగి రేకు మీద నిమరండి. గరగరలాడితే బ్రేకుల ఇనుపరజను, రంగు తుంపర్లు పూతలో దిగబడ్డాయని అర్థం. దానికి మందు క్లే బార్‌, జపాన్‌ నుంచి వచ్చి 1990ల్లో అమెరికా షెడ్డులకెక్కిన మెత్తటి ముద్ద. నురగ నీళ్లు చల్లుతూ తేలిగ్గా జరపాలి, పొడి రేకు మీద ఎప్పుడూ కాదు. ఆ తర్వాత కూడా గీతలు కళ్లకు కొడుతుంటేనే పాలిష్‌. యంత్రం కొనాలనుకుంటే తిరుగుతూ ఊగే డ్యూయల్‌ యాక్షన్‌ది కొనండి. ఒకే దిక్కున గిర్రున తిరిగే రోటరీ కొత్తవాళ్ల చేతిలో అంచుల దగ్గర పూతను కాల్చేస్తుంది. అన్నిటికంటే మెత్తటి మందుతో ఒక చిన్న చోట మొదలుపెట్టి చూడాలి. చాలితే అక్కడితో ఆపాలి.

చివరికి మైనమా, సిరామిక్‌ కోటింగా? మైనం కొన్ని వారాలు ఉంటుంది, పూయడం తేలిక, పొరపాటైనా నష్టం లేదు. సిరామిక్‌ అనేది సిలికా జాతి పూత, ఏళ్లు ఉంటుంది. కానీ కింద ఉన్న గీతలను కూడా ఏళ్లపాటు బిగించేస్తుంది. షోరూముల్లో ‘9హెచ్‌ గట్టిదనం’ అని గొప్పగా చెబుతారు. అది వజ్రాల కొలత కాదు, పెన్సిళ్లది. వేర్వేరు గట్టిదనాల పెన్సిళ్లతో పూత మీద గీసి చూసే పరీక్షలో చివరి పెన్సిల్‌ పేరు 9హెచ్‌. గేటు కొట్టుకుంటేనో, రాయి ఎగిరి తగిలితేనో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మన బోరు నీళ్లలోని ఉప్పులకూ అది లొంగుతుంది. ఎండలో కడిగి ఆరనిస్తే ఏ పూత మీదైనా తెల్ల మచ్చలు పడతాయి. మచ్చ తాజాగా ఉంటే పలచటి వెనిగర్‌ నీళ్లతో పోతుంది. ముదిరితే మళ్లీ రుద్దాల్సిందే, అంటే ఆ 40 మైక్రాన్లలోంచే ఖర్చు పెట్టాలి.