ఒక్క వోటు

మద్యపానము మాన్పవలెనని మన సంస్కర్తలు చిరకాలము పాటుపడిరి. ఆ కోరిక ధర్మమైనదని మేమును నమ్ముదుము. అయినను కల్లు త్రాగువాని మేలు తలచినవారిలో, ఆ కల్లు గీచువాని కూటిమాట తలచినవారు మిక్కిలి తక్కువ. ఆ మాట నెత్తుకొని, అందుకొరకొక మంత్రివర్గమునే పడగొట్టిన నాయకుడు శ్రీకాకుళపు తీరమున బుట్టెను. ఆయనయే సర్దార్ గౌతు లచ్చన్నగారు.

1909 ఆగస్టు 16వ తేదీన సోంపేట ప్రాంతమందలి బారువలో, గీతవృత్తి గల కుటుంబమున ఆయన జనించిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహపు పిలుపు వినవచ్చినంతనే చదువు విడిచి అందు దూకిరి. పిమ్మట చెరసాలలు ఆయనకు పరిచితస్థానములయ్యెను. ఆ ప్రాంతమంతయు జమీందారీలమయము. మందస అడవిలో కట్టెలు కొట్టుకొను హక్కునకై రైతులు పెనగులాడగా, 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున పోలీసులు తుపాకులు పేల్చిరి. నిండుచూలాలైన గున్నమ్మయు, మఱికొందఱు రైతులును నేలకొరగిరి. ఆ గడ్డమీదనే ఆచార్య రంగాగారి సహచరుడై లచ్చన్నగారు రైతుసేవ చేసిరి. సర్దారు అను పేరు ఏ ప్రభుత్వమిచ్చినదియు కాదు, జనులు పెట్టుకొన్నది.

ఇక మద్యనిషేధము మాట. 1937లో రాజాజీ సేలము జిల్లాలో ప్రారంభించిన ఈ విధానము 1948 నాటికి చెన్నరాష్ట్రమంతటను వ్యాపించెను. అందఱమును సంతోషించితిమి. కాని గీతపనివాని దినచర్య యెట్టిదో మనకేమి తెలియును? తెల్లవాఱకమునుపే మోకు నడుమునకు దగిలించి, కత్తి పదును చూచుకొని, తాటిచెట్టెక్కును. గెల చెక్కి లొట్టి కట్టును. కాలు జాఱినచో ఇల్లు వీధిపాలగును. సెంటు భూమి లేదు, వేఱు విద్య రాదు. తండ్రి నేర్పిన ఆ యొక్క పని, చట్టము వచ్చిన నాటినుండి నేరమయ్యెను. తాటిబెల్లము వండుకొమ్మని పెద్దలు హితవు చెప్పిరి. బెల్లమునకు వంటచెఱకు కావలెను, కొనువారు కావలెను. ఆ బెల్లము అందఱి కడుపులు నింపలేదు. ఇంతలో చాటుమాటున నాటుసారా కాగుచుండెను. త్రాగువాడు త్రాగుచునే యుండెను, గీతగాడు మాత్రము పస్తుండెను.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడి, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రులైరి. మద్యనిషేధమును విచారించిన రామమూర్తి సంఘము దానిని ఎత్తివేయవలెనని సూచించెను. ప్రభుత్వ మందుల కొప్పలేదు. లచ్చన్నగారు గీతపనివారిని గూర్చుకొని సత్యాగ్రహము చేసిరి, శాసనసభలో అవిశ్వాసము ప్రతిపాదించిరి. 1954 నవంబరు 6వ తేదీన వోట్లు లెక్కింపగా తీర్మానమునకు 69, ప్రభుత్వమునకు 68. ఒక్క వోటు! 1928లో సైమను కమిషను నాడు తుపాకికి ఱొమ్ము చూపిన ఆంధ్రకేసరి, ఎనుబదిరెండేండ్ల ప్రాయమున గద్దె దిగెను. ఆ వృద్ధుని దింపుట మా మనస్సున కిప్పటికిని కష్టముగనే యున్నది. ఆ నెలలోనే రాష్ట్రపతిపాలన వచ్చెను.

దూరదేశపు వార్త నొకదాని నిచ్చట తలపకుండ నుండలేము. అదే నవంబరు 14వ తేదీన ఈజిప్టులో నాసరు తన పైవాడైన నగీబును అధ్యక్షపదవినుండి తొలగించి గృహనిర్బంధమున నుంచెను. 1952లో ఫరూకు రాజును దింపిన సైనికులు వారే. భూకామందుల పట్టు సడలించి పేదరైతులకు భూమి పంచిన నాసరు కీర్తి చిన్నది కాదు. అయినను ఆయన పొరపడినచో కైరోలో లేచి లెక్కకు పిలుచు సభ యేది? ఇచ్చట చెట్టెక్కువాని కొడుకు, కత్తి విడిచి కాగితముతో మంత్రివర్గమును దింపగలిగెను.

తరువాతి కథ క్లుప్తముగ జెప్పెదము. లచ్చన్నగారు కొంతకాలము మంత్రులుగ నుండిరి. 1959లో పుట్టిన స్వతంత్రపక్షమున జేరి, పెక్కేండ్లు ప్రతిపక్షపు బల్లలపైననే గడపిరి. 2006 ఏప్రిల్ 19వ తేదీన దివంగతులైరి.

ఆయన వాదమున మాకొక కొఱత తోచును. గీతగాని భార్య ఆకలి ఆయనకు దెలిసినంతగా, త్రాగుబోతు భార్య కన్నీరు ఆయన ప్రసంగములలో వినబడలేదు. ఆ కన్నీటికి నోరు వచ్చుటకు 1992 దాక, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడుదాక, వేచియుండవలసి వచ్చెను. వారి యుద్యమఫలముగ 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున మద్యనిషేధము మరల వచ్చెను. ఈసారి శాసనకర్తలు కల్లును మినహాయించిరి. లచ్చన్నగారి కప్పుడెనుబదియైదేండ్లు.