ఉద్దుల నుంచి డ్రాఫ్ట్‌ దాకా

ఊళ్లో చెడుగుడు మొదలుపెట్టే ముందు జట్లు పంచుకునే పద్ధతి ఒకటుంది. బాగా ఆడే ఇద్దరు నాయకులుగా నిలబడతారు. మిగిలినవాళ్లు తమకు సాటి ఎవరో చూసుకుని ఇద్దరిద్దరుగా జత కడతారు. ఈ జతల్నే చాలాచోట్ల ఉద్దులంటారు. ఒక్కో జత కాస్త ఎడంగా వెళ్లి, చెవులు కొరుక్కుని, ఒకడు చందమామ, ఇంకొకడు సూర్యుడు అని పేర్లు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని తిరిగొస్తుంది. ‘చందమామ కావాలా, సూర్యుడు కావాలా?’ అని అడుగుతారు. నాయకుడు ఏదో ఒకటి కోరుకుంటాడు. ఆ పేరుగలవాడు ఇటు, రెండోవాడు అటు. తర్వాతి జత వచ్చేసరికి కోరుకునే వంతు రెండో నాయకుడిది. సమవుజ్జీలిద్దరూ ఒకే పక్షాన చేరే వీలే లేదు. చందమామ ఎవరో నాయకుడికి తెలియదు కాబట్టి చుట్టరికం, మొహమాటం కూడా నడవవు.

జట్లు సమంగా ఉంటేనే ఆట రక్తికడుతుందని పిల్లలకు తెలుసు. కోట్లు చేతులు మారే వృత్తి క్రీడలు ఆ సంగతి ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒప్పుకున్నాక అవి పెట్టుకున్న ఏర్పాటే డ్రాఫ్ట్‌. దేశమంతటా ఉన్న యువ ఆటగాళ్ల పేర్లు ఒక జాబితాలో పెట్టి, జట్లన్నీ వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకోవడం. మామూలుగా అంతకుముందు సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు.

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌ మైదానాలకు నడిచి వెళ్లేవాళ్లకు సెలెక్షన్స్‌ కొత్త కాదు. ఇంటర్‌ కాలేజ్‌ పోటీల్లో కంటికి ఆనిన కుర్రాళ్లను పిలుస్తారు. ముందు ప్రాబబుల్స్‌ జాబితా, తర్వాత క్యాంప్‌, చివరికి పన్నెండు మంది కబడ్డీ జట్టు. పీడీ సార్‌ పేర్లు చదువుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకునే కుర్రాళ్లను చూడాలి. పదో పేరు దాటాక ముఖాలు మారిపోతాయి. పన్నెండు అయ్యాక ‘స్టాండ్‌బై’ అని మరికొన్ని పేర్లు వస్తాయి. ఆ మాట విన్నవాడికి సంతోషించాలో దిగులుపడాలో తెలియదు.

నా దృష్టిలో జట్టు బలమంతా ఆ చివరి పేర్లలోనే ఉంది. కబడ్డీలో బరిలోకి దిగేది ఏడుగురే అయినా ఆ ఏడు చోట్లూ ఒకటి కాదు. ఎడమ కార్నర్‌లో నిలబడేవాడి పని రైడర్‌ కాలు తన పక్కకు రాగానే వంగి మడమ దొరకబుచ్చుకోవడం. ఏ కాలు ముందుండాలి, ఏ చెయ్యి కింద నుంచి పోవాలి అన్నది ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు. వాడికి భుజం జారిందని కుడి కార్నర్‌ కుర్రాణ్ని తెచ్చి అక్కడ నిలబెడితే అడుగు తడబడుతుంది. కవర్లో ఉన్నవాడికి అతని కదలిక అందదు, గొలుసు తెగుతుంది. ఎడమ కార్నర్‌కు మరో ఎడమ కార్నర్‌ బెంచీ మీద ఉండాల్సిందే.

సౌత్‌ జోన్‌ ఇంటర్‌ యూనివర్సిటీ ఆడి వచ్చిన కుర్రాడికి ఫామ్‌–3 సర్టిఫికెట్‌ దక్కుతుంది. స్పోర్ట్స్‌ కోటా ఉద్యోగాలకు అర్జీ పెట్టేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. చాలా ఏళ్లు మనకు డ్రాఫ్ట్‌ అన్నా, వేలం అన్నా ఈ కోటాయే. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు మంచి ఆటగాడికి ఉద్యోగమిచ్చి తీసుకునేవి. 1966లో సికింద్రాబాద్‌ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక ఈ చుట్టుపక్కల ఆటగాళ్ల ఇళ్లలో రైల్వే ఉద్యోగమే పెద్ద కల అయింది. ఆట వయసు అయిపోయినా జీతం వస్తుంది, పింఛను ఉంటుంది. ఆ భరోసాను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. ఎన్నో పేద కుటుంబాలు దాని మీదే నిలబడ్డాయి.

ఆ పద్ధతి అందుకున్న శిఖరం హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ ఫుట్‌బాల్‌ జట్టు. దాని వెనకున్న మనిషి సయ్యద్‌ అబ్దుల్‌ రహీమ్‌ ఉస్మానియాలో చదివారు, అక్కడే ఆడారు, బడిపంతులుగా పనిచేశారు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్‌ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. రహీమ్‌ కుర్రాళ్లకు డ్రిబ్లింగ్‌ లేని పోటీలు పెట్టేవారు, వాటం కాని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. రెండు కాళ్లతోనూ ఆడగలిగినవాడు ఒక్కడు జట్టులో ఉంటే ఇద్దరున్నట్టే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌కు తలకు కుట్లు పడిన డిఫెండర్‌ జర్నైల్‌ సింగ్‌ను ఆయన సెంటర్‌ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్‌ గోల్‌ కొట్టాడు, దక్షిణ కొరియాపై 2–1తో భారత్‌ స్వర్ణం గెలిచింది. ఉన్నవాళ్లలోంచే లేనివాణ్ని తయారుచేయడం ఆయనకు తెలిసినంతగా మన దేశంలో ఇంకెవరికీ తెలియదేమో.

రహీమ్‌ సాబ్‌ 1963 జూన్‌ 11న కన్నుమూశారు. దానికి ఆరు రోజుల ముందు, జూన్‌ 5న, కెనడాలోని మాంట్రియల్‌లో క్వీన్‌ ఎలిజబెత్‌ హోటల్లో ఆరు జట్ల ప్రతినిధులు కూర్చున్నారు. నేషనల్‌ హాకీ లీగ్‌లో, అంటే మంచు మీద ఆడే హాకీలో, అదే మొదటి డ్రాఫ్ట్‌. ఎంపికైంది 21 మంది. మొదటి పేరు గ్యారీ మోనహన్‌.

అంతకుముందు అక్కడ నడిచింది వేరే వ్యవహారం. జట్లు ఊరూరా జూనియర్‌ క్లబ్బులను పోషించేవి. ‘సి–ఫామ్‌’ అని ఒక కాగితం ఉండేది. దాని మీద సంతకం పడితే ఆ కుర్రాడి వృత్తి జీవితం ఆ జట్టు చేతిలోకి పోయినట్టే. తర్వాతి కాలంలో ఆ ఆటనే మార్చేసిన బాబీ ఆర్‌ పద్నాలుగేళ్ల వయసులో బోస్టన్‌ జట్టుకు ఇలాగే కట్టుబడ్డాడు. ప్రతిఫలంలో ఒక భాగం ఏమిటో తెలుసా? వాళ్ల ఇంటి బయటి గోడలకు ప్లాస్టరింగ్‌. పేదింటి పిల్లాడి కాళ్లలో ఉన్న విద్యకు అంత చవగ్గా ధర కట్టారని చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది. ముందే వెళ్లి వల వేసినవాడిదే పిల్లాడు అన్న ఈ పద్ధతిని డ్రాఫ్ట్‌ మెల్లమెల్లగా తుడిచిపెట్టింది.

ఆలోచన మాత్రం హాకీది కాదు, అమెరికన్‌ ఫుట్‌బాల్‌ది. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌ యజమాని బెర్ట్‌ బెల్‌ ఓడిపోయే జట్టును నడిపి విసిగిపోయాడు. డబ్బున్న జట్లు కాలేజీల నుంచి మెరికల్లాంటి వాళ్లను ఎగరేసుకుపోతుంటే మిగిలినవాళ్లకు తాలే దక్కేది. 1935లో ఆయన తోటి యజమానులను ఒప్పించాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో ఓ హోటల్లో నల్లబల్ల మీద 90 పేర్లు రాసిపెట్టి 81 మందిని ఎంచుకున్నారు. మొట్టమొదట ఎంపికైనవాడు షికాగో విశ్వవిద్యాలయం విద్యార్థి జే బెర్వాంగర్‌. అతను వృత్తి ఆటగాడిగా ఒక్క మ్యాచ్‌ కూడా ఆడలేదు, ఉద్యోగం చూసుకున్నాడు. ఆ 81 మందిలో సంతకం చేసింది 24 మందే. చదువుకున్న కుర్రాడికి ఆటకంటే ఉద్యోగమే నయమనిపించిన కాలం అది. మన ఫామ్‌–3 కుర్రాళ్లకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

కాలేజీ, డ్రాఫ్ట్‌, బెంచ్‌ ఈ మూడూ ఒకే మనిషిలో కలిసిన కథ కెన్‌ డ్రైడెన్‌ది. ఆయన మంచు హాకీలో గోల్‌కీపర్‌. 1964 డ్రాఫ్ట్‌లో బోస్టన్‌ పద్నాలుగో పేరుగా ఎంచుకుని, కొద్దిరోజులకే ఆయనపై హక్కును మాంట్రియల్‌కు బదిలీ చేసింది. డ్రైడెన్‌ తొందరపడలేదు. కార్నెల్‌ విశ్వవిద్యాలయంలో చేరి 1969లో చరిత్రలో పట్టా పుచ్చుకున్నారు, 1967లో ఆ విశ్వవిద్యాలయాన్ని జాతీయ కాలేజీ విజేతగా నిలిపారు. తర్వాత న్యాయశాస్త్రం చదువుతూ మాంట్రియల్‌కు అనుబంధ జట్టులో ఆడారు. 1971 మార్చిలో పెద్ద జట్టు నుంచి పిలుపొచ్చింది. లీగ్‌ దశలో ఆడింది ఆరే మ్యాచ్‌లు, ఆరూ గెలిచారు. ప్లేఆఫ్స్‌లో ఎదురుపడింది అంతకు ముందు ఏడాది చాంపియన్‌, బాబీ ఆర్‌ ఉన్న బోస్టన్‌. తాము వదులుకున్న కుర్రాడి చేతిలోనే ఆ జట్టు ఓడింది. ఆ ఏడాది లీగ్‌ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ మాంట్రియల్‌ది, ప్లేఆఫ్స్‌ అత్యుత్తమ ఆటగాడి బహుమతి డ్రైడెన్‌ది. కొత్త ఆటగాళ్లకిచ్చే బహుమతి ఆయనకు ఆ మరుసటి ఏడాది వచ్చింది.

ఈ కథ మళ్లీ మళ్లీ చెప్పుకోవాలని నాకనిపిస్తుంది. ఎంపికైనంత మాత్రాన చదువు మానక్కర్లేదు. కాలేజీలో ఉన్న కుర్రాడిపై హక్కు జట్టు దగ్గరే భద్రంగా ఉంటుంది, కుర్రాడు తరగతిలో ఉంటాడు. ఇప్పుడా లీగ్‌లో 32 జట్లు, డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు. జట్టు జాబితాలో 23 మంది ఉండొచ్చు, మ్యాచ్‌కు 20 మంది సిద్ధమవుతారు. వీళ్ల వెనక అనుబంధ జట్లలో, కాలేజీల్లో పదును పెట్టుకుంటున్నవాళ్లు ఇంకెందరో. డెట్రాయిట్‌కు ఏళ్ల తరబడి వెన్నెముకగా నిలిచిన పావెల్‌ దాత్సుక్‌ 1998లో 171వ పేరు, హెన్రిక్‌ జెటర్‌బర్గ్‌ మరుసటి ఏడాది 210వ పేరు. చివరి వంతులదాకా ఓపిగ్గా కళ్లు తెరుచుకుని కూర్చున్న జట్టుకు అలాంటివాళ్లు దొరుకుతారు.

మన దగ్గరికి వస్తే, నగరాల పేర్లతో లీగ్‌ను హైదరాబాద్‌ ఐపీఎల్‌ కన్నా ముందే చూసింది. 2005లో గచ్చిబౌలిలో జరిగిన ప్రీమియర్‌ హాకీ లీగ్‌ గెలిచింది హైదరాబాద్‌ సుల్తాన్స్‌. వేలం పాట 2008 ఫిబ్రవరి 20న ఐపీఎల్‌తో వచ్చింది. అండర్‌–19 కుర్రాళ్లను మాత్రం ఆ ఏడాది వేలంలో పెట్టలేదు, డ్రాఫ్ట్‌లో పంచారు. ఢిల్లీ తన వంతులో ఎడమచేతి పేసర్‌ ప్రదీప్‌ సంగ్వాన్‌ను కోరుకుంది. సొంతూరి కుర్రాడు విరాట్‌ కోహ్లి బెంగళూరుకు వెళ్లాడు. ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ ఫుట్‌బాల్‌ కూడా 2014 నుంచి కొన్నాళ్లు స్వదేశీ ఆటగాళ్లకు డ్రాఫ్ట్‌ పెట్టి తర్వాత మానేసింది. మనవాళ్ల మనసు మొత్తానికి వేలం వైపే మొగ్గింది.

వేలం ఒక్క పేరు చుట్టూ తిరుగుతుంది. అదెంత ప్రమాదమో తెలుగు టైటాన్స్‌ అభిమానులకు బాగా తెలుసు. ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచాం. తొమ్మిదో సీజన్‌లో రెండు. పదో సీజన్‌కు పవన్‌ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు, అప్పటికి లీగ్‌ చరిత్రలోనే అత్యధిక ధరకు కొన్నాం. అప్పుడూ రెండే. పవన్‌ తప్పేమీ లేదు, ఒంటిచేత్తో లాగాడు. రైడర్‌ ఎన్ని పాయింట్లు తెచ్చినా వెనక మూలలు కాసేవాళ్లు లేకపోతే తెచ్చినవన్నీ జారిపోతాయి. పదకొండో సీజన్‌లో పవన్‌ మోకాలి గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైతే విజయ్‌ మలిక్‌ బరువు ఎత్తుకున్నాడు, జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. పేరున్నవాడు కూర్చుండిపోయినా ఆట సాగింది. ఆ ఏడాది మన జట్టుకు నిజంగా బెంచ్‌ ఉంది.

ప్రో కబడ్డీ ఒక మంచి పని కూడా చేసింది. న్యూ యంగ్‌ ప్లేయర్స్‌ పేరుతో కొత్త కుర్రాళ్లను తీసుకునే దారి తెరిచింది. ఢిల్లీకి ఆడిన రైడర్‌ నవీన్‌ కుమార్‌ ఆ దారిలో వచ్చినవాడే. 2022 వేలానికైతే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్ల నుంచి 24 మందిని ఆటగాళ్ల జాబితాలో చేర్చారు. విశ్వవిద్యాలయ మైదానానికీ వృత్తి లీగ్‌కూ మధ్య నేరుగా మెట్లు కట్టిన సంగతి మన పత్రికల్లో పెద్దగా రాలేదు. రావాల్సింది.

అమెరికాలోని మనవాళ్లు డ్రాఫ్ట్‌ను ఇంట్లో కూర్చుని చూసే రోజు కూడా వచ్చింది. 2023 మార్చి 19న హ్యూస్టన్‌ స్పేస్‌ సెంటర్‌లో మేజర్‌ లీగ్‌ క్రికెట్‌ స్వదేశీ ఆటగాళ్ల డ్రాఫ్ట్‌ జరిపింది. మొదటి పేరు హర్మీత్‌ సింగ్‌, సియాటిల్‌కు. న్యూజెర్సీలో పుట్టిన తెలుగు మూలాల కుర్రాడు సాయితేజ ముక్కామల తొలి సీజన్‌కు టెక్సాస్‌ సూపర్‌ కింగ్స్‌ జట్టులో ఉన్నాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు.

పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు ఉస్మానియా మైదానంలోనూ ఉన్నారు. వాళ్లకు వేలం కన్నా డ్రాఫ్ట్‌ మేలని నా గట్టి అభిప్రాయం. వేలంలో పేరు పిలిచినప్పుడు ఎవరూ చెయ్యెత్తకపోతే ఆ అవమానం కుర్రాడి మనసులో ముల్లులా ఉండిపోతుంది. కొన్నవాళ్లకేమో పెట్టిన డబ్బు ఆ సీజన్‌లోనే రాబట్టుకోవాలన్న ఆత్రం. విశ్వవిద్యాలయ ఆటగాళ్ల వరకైనా చిన్న డ్రాఫ్ట్‌ ఒకటి పెట్టాలి. అట్టడుగు జట్టుకు మొదటి వంతు ఇవ్వాలి. ఎంచుకున్న జట్టు హక్కు కుర్రాడి చేతికి డిగ్రీ పట్టా వచ్చేదాకా చెల్లాలి. ఈలోగా అతను సెమిస్టర్‌ పరీక్షలు రాయాలి, ఉస్మానియా తరఫున సౌత్‌ జోన్‌ ఆడాలి, వేసవి సెలవుల్లో ఆ ఫ్రాంచైజీ క్యాంప్‌కు వెళ్లాలి. గాయమైతే వైద్యం ఖర్చు ఫ్రాంచైజీదే అని ఒప్పందంలో ముందే రాసుకోవాలి.