పాత మోటారుకారు: రోగ నిదానము

‘నిదానము’ అను మాటకు తెలుగున రెండర్థములు గలవు. వైద్యునకు అది రోగకారణమును నిర్ణయించుట, లోకవ్యవహారమున తొందరపడకుండుట. పాత మోటారుకార్లను బాగుచేసిన మెకానిక్కులకు ఈ రెండును ఒక్కటియే. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని ఆయుర్వేదము చెప్పిన త్రివిధ పరీక్షను వారిలో పెక్కురు చదివియుండరు. ఆచరించినది మాత్రము అదియే.

ప్రభుత్వోద్యోగులకు చిరపరిచితమైన అంబాసిడరునే ఇందులకు ఉదాహరణముగా గైకొనవచ్చును. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్సు సంస్థ మొదట గుజరాతు తీరమందలి ఓఖా రేవున ఉండి, 1948లో కలకత్తా చెంతనున్న ఉత్తరపారాకు తరలెను. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి 1957లో అచ్చట అంబాసిడరు వెలువడెను. తొలి యంజను స్థానమున 1959లో కవాటములు పైభాగమున నుండు 1489 ఘనపు సెంటీమీటర్ల యంజను వచ్చెను. పిమ్మట దశాబ్దముల తరబడి ఆ బండి స్వరూపము పెద్దగా మారలేదు. పరిశ్రమ వెనుకబాటునకు అది గుర్తని నిందించినవారు గలరు. ఆ నింద అసత్యము కాదు. కాని తండ్రి షెడ్డులో నేర్చిన పని కుమారునకు అట్లే పనికివచ్చుటకు కారణమును ఆ వెనుకబాటే.

ఆ విద్యకు మూలము ఇంకను పాతది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన జ్వలన పద్ధతి 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించెను. విద్యుత్తుతో నడచు స్టార్టరు, అనగా మనవారు ‘సెల్ఫు’ అనునది, 1912లో వచ్చెను. బ్యాటరీ నుండి కాయిలునకు పోవు విద్యుత్తును డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడి తెంపినపుడెల్ల, కాయిలులో వేలకొలది వోల్టులు పుట్టి ప్లగ్గు కొనయందు రవ్వ రాలును. నాలుగు సిలిండర్ల యంజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో పాయింట్లు సెకనుకు 100 మారులు విడివడవలెను. వాని నడుమ ఎడము అంగుళములో వేయింట 15 వంతులు మాత్రమే.

చిక్కంతయు ఇచ్చటనే గలదు. ఈ ఎడము తప్పినను, కండెన్సరు చెడినను, కారు దగ్గుచు, కుదుపుచు నడచును. పెట్రోలు చాలకున్నను అట్లే నడచును. లక్షణమొకటి, కారణములు రెండు. అనుభవము లేనివాడు ముందుగా కార్బురేటరును విప్పును. అంతవరకు ఒక్క దోషమున్న బండికి అప్పటినుండి రెండు దోషములు!

నేర్పరి మొదట డ్రైవరును ప్రశ్నించును. బండి నిలిచినది ఎండలోనా, వానలోనా? యంజను చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిమ్మటనా? ఢిల్లీ మే నెల యెండలో నిలిచిన బండికి పెట్రోలు గొట్టములో ఆవిరియై అడ్డుపడియుండవచ్చును. కాయిలు వేడికి చెడియుండవచ్చును. పంపుమీద తడిగుడ్డ వేసినంతనే బండి కదలినచో దోషము మొదటిది. ప్లగ్గు తీగను యంజను లోహమునకు ఇంచుక ఎడముగా పట్టి సెల్ఫు తిప్పినపుడు రవ్వయే లేనిచో, రెండవదానిని అనుమానింపవలెను. వానకాలమున డిస్ట్రిబ్యూటరు మూతలో చేరిన తేమను పొడిగుడ్డతో తుడుచుటయే చాలును. చీకటిలో బోనెట్టు ఎత్తి చూచినచో, పాతబడిన తీగలనుండి విద్యుత్తు జారిపోవుట నీలపు మెరుపులుగా కంటికి కనబడును.

సెల్ఫు తిరుగకున్నచో హెడ్‌లైట్లు వెలిగించి మరల ప్రయత్నింతురు. దీపములు మసకబారినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొనలు చిలుము పట్టినవనియో గ్రహింపవలెను. దీపములు చెక్కుచెదరకున్నచో దోషము స్విచ్చిలోనో సెల్ఫులోనో ఉన్నది. ఆ కాలమున నిష్కారణముగా పారవేయబడిన బ్యాటరీలకు లెక్కలేదు. డైనమో మెల్లని వేగమున విద్యుత్తు నంతగా ఈయదు. బెల్టు వదులైనచో ఆ కొంచెమును ఉండదు. నేరము బెల్టుది, శిక్ష బ్యాటరీకి. 1961లో మద్రాసున లూకాస్-టీవీఎస్ సంస్థ నెలకొని ఇట్టి విద్యుత్పరికరములను స్వదేశమున తయారుచేయ నారంభించెను.

స్పర్శ పరీక్షకు సాధనము ఇనుప హేండిలు. దానిని ముందునుండి దూర్చి త్రిప్పునపుడు ప్రతి అరచుట్టునకును చేతికి ఒక ఎదురొత్తు తగులవలెను. ఒకచోట అది సడలినచో ఆ సిలిండరున గాలి నిలుచుట లేదు. ప్లగ్గు రంధ్రమున కొంచెము నూనె పోసి మరల త్రిప్పినపుడు బిగువు వచ్చినచో అరిగినవి రింగులు. రాకున్నచో కవాటము సరిగా కూర్చొనుట లేదు. పొడవైన స్క్రూడ్రైవరు పిడిని చెవికానించి యంజను శబ్దములను వేరుపరచుట వినికిడి విద్య. టాపెట్ల టకటకకును, బేరింగుల బరువైన మోతకును భేదము దానివలన తెలియును.

అమెరికాలో 1996 నుండి కొత్త కార్లన్నిటికిని స్వయముగా దోషమును నమోదుచేసికొను యంత్రము తప్పనిసరి యయ్యెను; భారతదేశమున దాని రెండవ దశ 2013లో అమలయ్యెను. రెండవ సిలిండరున జ్వలనము తప్పినదని అది సంకేతమిచ్చును. ప్లగ్గువలననో, కాయిలువలననో, కవాటమువలననో తేల్చుట నేటికిని మనుష్యుని పనియే. మరుసటి యేడు, 2014 మే నెలలో, ఉత్తరపారాలో అంబాసిడరు ఉత్పత్తి ఆగిపోయెను. 50 ఏండ్లు దాటిన వాహనములను ప్రత్యేకముగా నమోదుచేయుటకు 2021లో నిబంధనలు వెలువడినవి. బండి నిలుచుటకు కాగితము దొరకినది. దాని పాయింట్ల ఎడమును సరిచేయగల చేతులు ఏ షెడ్డులో మిగిలియున్నవో యజమానులు వెదకికొనవలసియున్నది.