అండాశయ క్యాన్సరు నివారణ చరిత్ర

అండాశయ క్యాన్సరు చాపక్రింది నీరువంటిది. కడుపుబ్బరము, ఆకలి మందగించుట వంటి సామాన్య లక్షణములే తప్ప తొలిదశలో వేరు జాడ చూపదు. కావున వచ్చిన పిదప పట్టుకొనుటకంటె రాకుండ ఆపుట మేలు. కాని ఎవరికి వచ్చునో ముందుగా తెలియుట యెట్లు?

దీనికి సమాధానము కుటుంబ చరిత్రలలో దొరికినది. 1866లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య కుటుంబమున తరతరములుగా రొమ్ము క్యాన్సరు కన్పట్టుటను వర్ణించెను. దాదాపు నూరేండ్ల తరువాత అమెరికాలో హెన్రీ లించ్ ఇట్టి వంశవృక్షములను సేకరించి, కొన్ని కుటుంబములలో రొమ్ము, అండాశయ క్యాన్సరులు రెండును వచ్చుచున్నవని చూపెను. 1990లో మేరీ-క్లేర్ కింగ్ బృందము మూలజన్యువు 17వ క్రోమోసోముపై ఉన్నదని కనుగొనెను. 1994లో వేరుపరుపబడిన ఆ జన్యువే బి.ఆర్.సి.ఏ.-1. మరుసటి యేడు బి.ఆర్.సి.ఏ.-2 గుర్తింపబడెను.

వీటి పని యేమి? మగ్గముపై తెగిన పోగును అతుకకున్న బట్ట చెడునని సిరిసిల్ల, తంగళ్ళపల్లి ప్రాంతములవారికి చెప్పనక్కరలేదు. కణములో తెగిన డి.ఎన్.ఏ. పోగును సరిగా అతుకుటకు ఈ జన్యువులు తోడ్పడును. అవి చెడినచో తప్పులు పేరుకొని క్యాన్సరుకు దారితీయును. సామాన్యముగా నూటికి ఒకరిద్దరు స్త్రీలకు వచ్చు ఈ వ్యాధి, బి.ఆర్.సి.ఏ.-1 లోపము గలవారిలో నూటికి సుమారు 40 మందికి జీవితకాలమున రాగలదు.

తరచు పరీక్షించిన చాలదా? బ్రిటనులో 2 లక్షలకు పైగా సామాన్య స్త్రీలపై జరిగిన పరిశీలనలో రక్తపరీక్ష, స్కానింగుల వలన మరణములు తగ్గలేదని 2021లో తేలెను. అండాశయములను, అండవాహికలను ముందే తొలగించినచో ముప్పు చాల తగ్గునని మాత్రము 2002లో వెలువడిన రెండు పరిశోధనలు చూపెను.

అట్లు తొలగించిన అవయవములే మరొక రహస్యమును బయటపెట్టెను. తొలి మార్పులు అండాశయమున గాక అండవాహికలో కన్పట్టుచున్నవని 2001లో నెదర్లండ్సు శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఈ జాతి క్యాన్సరులో ప్రబలమైన రకము పెక్కుసార్లు అచ్చటనే పుట్టునని నేడు భావింపబడుచున్నది. ముందు వాహికలను మాత్రమే తీసి, అండాశయములను కొంతకాలము నిలుపుట చాలునా యను పరిశోధనలు సాగుచున్నవి.

ఈ ప్రశ్న చిన్నది కాదు. అండాశయములు తీసిన స్త్రీకి సంతానయోగ్యత పోవును, ముట్లు అకాలమున ఉడుగును, ఎముకలు బలహీనపడవచ్చును. అందుచేత సంతానము కలిగిన పిదప, బి.ఆర్.సి.ఏ.-1 లోపము గలవారికి 35-40 ఏండ్ల నడుమ, బి.ఆర్.సి.ఏ.-2 వారికి 40-45 ఏండ్ల నడుమ శస్త్రచికిత్సను సూచింతురు. నిర్ణయము ఆమెదే.

ఈ లోపము తల్లినుండియే గాక తండ్రినుండి కూడ రావచ్చును. లోపము గలవారి బిడ్డలలో ప్రతియొకరికి అది సంక్రమించు అవకాశము సగము. కావున వైద్యుడు అడిగినప్పుడు అమ్మమ్మ వైపు సంగతితోపాటు నాయనమ్మ, మేనత్తల సంగతియు చెప్పవలెను. బ్రోకా కాలమునుండి నేటివరకు నివారణకు తొలిమెట్టు ఇదియే.