తెలుగు బడిలో పెత్తనమెవరిది? ప్రధానోపాధ్యాయులును తల్లిదండ్రుల సంఘములును

విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో నాయకరాజ్యమును నెలకొల్పిన పిమ్మట అనేక తెలుగు కుటుంబములు వైగై తీరమునందును, దక్షిణమున తిరునెల్వేలి సీమయందును, పడమట కోయంబత్తూరు నల్లరేగడి పల్లెలయందును స్థిరపడినవి. తిరుమల నాయకుని (1623-59) కాలమునను తెలుగునకు రాజాదరము లోటు లేకుండెను. రాజ్యము పోయినను ఇంటిభాష పోలేదు, పోయినది వ్రాత. నేటికిని ఈ సీమలలో తెలుగు మాటలాడుచు తెలుగక్షరమెఱుగని కుటుంబములు మిక్కిలిగా కలవు. కావున ఇచ్చట బడియనునది తల్లి నేర్పలేని అక్షరమును నేర్పవలసిన తావు. ఆ తావున మాట చెల్లవలసినది ప్రధానోపాధ్యాయునిదా, తల్లిదండ్రుల సంఘముదా యను వివాదము చిరకాలముగా నున్నది.

తొలినాళ్లలో దాత, తండ్రి, నిర్వాహకుడు ఒక్కరే యగుటచే ఈ వివాదమునకు చోటు తక్కువ. కోయంబత్తూరు చెంత పీళమేడున గోవిందస్వామి నాయుడుగారి నలువురు కుమారులు ఆస్తిని ఐదు పాళ్లు చేసి, ఐదవ పాలును ధర్మమునకు విడిచి, 1926లో ధర్మసంస్థను స్థాపించిరి. ఆ సంస్థవారి పాఠశాల పేరు ‘సర్వజన’. తెలుగువారి ధనముతో పెరిగిన బడి ఊరివారందఱిదియు కావలెనను ఉదారత ఆ పేరిటనే కలదు. అట్టి బడులలో బోధన తమిళమున, పిమ్మట ఆంగ్లమున సాగుటను తప్పుపట్టుట న్యాయము గాదు. కాని దానము చేసిన జాతి తన భాషకు ఒక తరగతినైనను అడిగి యుంచుకొనకపోవుట మాత్రము చింతింపదగినది.

తల్లిదండ్రులు స్వచ్ఛందముగా బడి భారమును మోయుట ప్రభుత్వ ప్రోత్సాహముతో విస్తరించినది 1956 తర్వాత. ఆ యేడు కామరాజుగారు మధ్యాహ్న భోజన పథకమును ఎట్టయాపురమున ప్రారంభించిరి. ఎట్టయాపురము రాజకంబళ నాయకులను తెలుగు పాలెగాండ్రు ఏలిన సంస్థానమగుట ఇచ్చట స్మరణీయము. విద్యాశాఖాధిపతి సుందరవడివేలుగారి పూనికతో 1958 నుండి జరిగిన పాఠశాలాభివృద్ధి మహాసభలలో ప్రజలు బల్లలు, బట్టలు, కట్టడములు సమకూర్చిరి. బియ్యము తెచ్చినవాడు బడిలెక్క యడుగుట సహజము. అది ప్రధానోపాధ్యాయునకు జోక్యముగా తోచుటయు సహజమే.

తెలుగు తరగతి విషయమున తగవు మఱింత చిక్కైనది. ప్రాథమిక దశలో తరగతికి 10 మందియో, బడి మొత్తమున 40 మందియో ఉన్నయెడల మాతృభాషలో బోధింపవలెనని 1949లో విద్యామంత్రుల సభ నిర్ణయించినది. 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. నియమము కాగితము మీద చక్కగానే యున్నది. అయితే ఆ పదిమంది పేర్లను పోగుచేయవలసినవారెవరు? ప్రధానోపాధ్యాయుడు దరఖాస్తులు రానిదే ఉపాధ్యాయుని కోరజాలనను. ఉపాధ్యాయుడు లేని తరగతికి పిల్లనెట్లు పంపుదుమని తల్లిదండ్రులందురు. ఇద్దఱి మాటయు నిజమే. సంఘమున తెలుగు కొఱకు తీర్మానము చేసిన పెద్దలే తమ బిడ్డలను ఆంగ్ల కాన్వెంటులలో చేర్చుట కలదు. అట్టివారు ప్రధానోపాధ్యాయుని నిందించుట చెల్లదు. ప్రవేశపత్రమున ‘మాతృభాష’ గడిని తల్లిదండ్రుల నడుగకయే నింపినచోట తప్పు బడివారిది.

పండితుడు పదవీ విరమణ చేసి, ఖాళీ నిండక, తల్లిదండ్రులు చందాలు వేసి తాత్కాలికోపాధ్యాయుని నియమించునప్పుడు తగవు ముదురును. జీతమిచ్చువారు సంఘమువారు, పనివేళలు నిర్ణయించువాడు ప్రధానోపాధ్యాయుడు. తెలుగు పాఠమును సాయంకాలము గంట కొట్టిన తర్వాతకు నెట్టుట సాధారణముగా ఇట్టి బడులలో వచ్చు మొదటి ఫిర్యాదు. ఆకలిగొన్న బాలునకు ఆ వేళ గుణింతమెట్లెక్కును?

2006 నాటి తమిళాభ్యాస చట్టము మొదటి భాగమున తమిళమును నిర్బంధము చేసి, ఇతర మాతృభాషలను ఐచ్ఛికముగా నాల్గవ భాగమున నిలిపినది. ఏటేట ఒక్కొక్క తరగతికి ప్రాకి, 2015-16లో అది పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల కెక్కి మినహాయింపులు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు మఱియొక యేడు పొడిగించినది. ఇట్టి యేటేటి ఉత్తర్వుల నడుమ పరీక్షకు పేర్లు పంపువాడు ప్రధానోపాధ్యాయుడు. ఉత్తర్వు రాకముందు తమిళ పరీక్షకు సిద్ధపఱచినచో ద్రోహియనిపించుకొనును. సిద్ధపఱపక, ఉత్తర్వు రాకపోయినచో పిల్లవాని భవిష్యత్తు చెడును.

ఇక చట్టము తల్లిదండ్రులకిచ్చిన స్థానము చిత్రమైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల నిర్వహణ సంఘమున నాల్గింట మూడుపాళ్లు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. మతమును బట్టి గాని, భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులు నడపు బడులలో ఆ సంఘము సలహాకు మాత్రమే పరిమితమని 2012 సవరణ చెప్పినది. 2014లో సుప్రీము కోర్టు ఆ చట్టమే అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు వర్తింపదని తీర్పు చెప్పగా, 2025 సెప్టెంబరులో మఱియొక ధర్మాసనము ఆ తీర్పును పునఃపరిశీలింపవలసియున్నదని ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది. ప్రభుత్వము నుండి అల్పసంఖ్యాకులను కాపాడుటకు కట్టిన కోట ఇది. కాని దాని ఫలితముగా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు తల్లికి గల అధికారము, తెలుగువారే స్థాపించిన బడిలో లేకపోయినది. అచ్చట ఆమె మాటకు విలువ ప్రధానోపాధ్యాయుని మర్యాదను బట్టియు, ధర్మకర్తల మనస్సును బట్టియు మాత్రమే.

ఉత్తర్వులు మారినను, ధర్మాసనములు మారినను, మధురలోను కోయంబత్తూరులోను జూన్ మాసమున ప్రవేశపత్రములు నింపుట మాత్రము ఏటేట జరుగుచునే యున్నది. ‘మాతృభాష’ గడి ఆ పత్రములోనే కలదు. పది పేర్ల లెక్క అచ్చటనే మొదలగుచున్నది.